అంబాసిడర్‌కు 5 గేర్ల బాక్స్ ఎక్కిస్తే పాత ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించవచ్చా?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. నాన్నగారి 1500 డీజిల్ అంబాసిడర్, 4 గేర్ల హ్యాండ్ గేర్ (స్టీరింగ్ పక్కన గేర్ కర్ర) బండి. దాంట్లోకి పాత 1800 ఇసుజు అంబాసిడర్ నుంచి తీసిన ఇంజన్, 5 గేర్ల ఫ్లోర్ గేర్‌బాక్స్ ఎక్కిస్తున్నారు. కొత్త బాక్స్ తోక వెనక్కి జరగడంతో పాత ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసును తిప్పే పొడవాటి పైపు) 'ఒక నాలుగు అంగుళాలు' పొడవవుతోంది. లేత్ షాపులో పైపును మధ్యలో కోసి, రెండు ముక్కలూ కలిపి వెల్డింగ్ కొట్టిస్తే చాలు, బ్యాలెన్సింగ్ (తిరిగేటప్పుడు ఊగకుండా చిన్న బరువు ముక్కలతో సరిచేయడం) దండగ అని మీ మెకానిక్ అంటున్నారు. అలా చేయించవచ్చా, తర్వాత వైబ్రేషన్ వస్తుందా అన్నది మీ సందేహం.

కోయించవచ్చు. మధ్యలో మాత్రం వద్దు. ఒక చివర యోక్ (జాయింట్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్క) ఊడదీసి, అక్కడ పైపు తగ్గించి, అదే యోక్ మళ్లీ వెల్డ్ చేయించి, ఆపైన తప్పకుండా బ్యాలెన్స్ చేయించాలి. బాక్స్ మౌంటింగ్ ఆఖరుగా బిగిసి, బండి తన నాలుగు చక్రాల మీద బరువుతో నిలబడ్డాకే కొలత తీయాలి. ఆ నాలుగు అంగుళాల లెక్క ఇప్పటికి పక్కన పెట్టండి. చాలామంది షాఫ్ట్ పనిని కోత పని అనుకుంటారు. నా అనుభవంలో ఇది కొలత పని. కొలత, కోణం సరిగ్గా వస్తే కోత ఏ మంచి టర్నర్ అయినా చేస్తాడు.

కోయడానికి ముందు ఒక మాట. ఆ గేర్‌బాక్స్ వచ్చిన బండి షాఫ్ట్ ఏమైంది? 1800 ఇసుజు బండికి కంపెనీ నుంచే ఈ 5 గేర్ల బాక్స్ వచ్చింది, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) అదే 2,464 మిల్లీమీటర్లు. మీ వెనక హౌసింగ్ (డిఫరెన్షియల్, ఇరుసు ఉండే భాగం) ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పళ్లెం) కూడా దానికి సరిపోతే ఆ షాఫ్టే నేరుగా ఎక్కే అవకాశం ఎక్కువ. స్క్రాప్ వాళ్లు బాక్స్ ఒక చోట, షాఫ్ట్ ఇంకో చోట అమ్మేస్తారు. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది, అందుకే ఇవి రాను రాను దొరకడం కష్టమవుతోంది. అయినా బాక్స్ అమ్మినాయనకి ఒక ఫోన్ చేయండి. దొరికితే దాని వంకర, క్రాస్‌లు (రెండు యోక్‌లను కలిపే ప్లస్ గుర్తు ఆకారపు జాయింట్లు) చూసి బ్యాలెన్స్ చేయించుకోండి. కోత, వెల్డింగ్ తప్పుతాయి. ఇలాంటి స్వాప్ (ఇంజన్, బాక్స్ మార్పిడి) ఆలోచిస్తున్న మిగతావాళ్లకూ ఇదే చెబుతాను: గేర్‌బాక్స్ కొనేటప్పుడే షాఫ్ట్, ముందు యోక్, బాక్స్ కింద క్రాస్‌మెంబర్ (బాక్స్‌ను మోసే అడ్డ పట్టీ), మౌంటింగ్ రబ్బరు, స్పీడోమీటర్ కేబుల్ అన్నీ కలిపి బేరమాడండి.

షాఫ్ట్ దొరకలేదనుకుని మిగతాది రాస్తున్నాను.

మధ్యలో ఎందుకు కోయకూడదు

షాఫ్ట్ పైపు గోడ మందం సుమారు 2 మిల్లీమీటర్లే ఉంటుంది. చివర యోక్‌కు ఒక భుజం ఉంటుంది, అది పైపు లోపలికి బిగుతుగా దూరి కూర్చుంటుంది. అందువల్ల పైపు సెంటర్, యోక్ సెంటర్ వాటంతట అవే కలుస్తాయి, వెల్డింగ్ వాటిని పట్టి ఉంచుతుంది. మధ్యలో కోస్తే రెండు సన్నటి అంచులు ఎదురెదురుగా నిలబడతాయి. సెంటర్ కలపడానికి ఆధారం ఉండదు. వెల్డ్ చల్లారేటప్పుడు ఒక పక్కకు లాగితే పైపు అక్కడే వంగుతుంది. పైగా షాఫ్ట్ వేగంగా తిరిగేటప్పుడు ఎక్కువగా ఉబ్బేది నడుమే, స్కిప్పింగ్ తాడు తిప్పినప్పుడు మధ్య భాగం బయటికి వచ్చినట్టు. సరిగ్గా ఆ చోటే వంకర, వెల్డ్ బరువు పెట్టడం కోరి తెచ్చుకున్న తలనొప్పి. లోపల స్లీవ్ పెట్టి అతికిస్తామని కొందరంటారు. బలం సంగతి ఎలా ఉన్నా, నడుము దగ్గర బరువు ఇంకా పెరుగుతుంది. చివర కోస్తే ఈ బాధలేవీ లేవు, ఖర్చులోనూ పెద్ద తేడా ఉండదు.

5 గేర్ల బాక్స్ షాఫ్ట్‌కు ఏం తెస్తుంది

షాఫ్ట్ వేగాన్ని నిర్ణయించేది ఇంజన్ కాదు. రోడ్డు మీద బండి వేగం, టైరు చుట్టుకొలత, వెనక క్రౌన్-పినియన్ (హౌసింగ్ లోపల షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్, అది తిప్పే పెద్దది క్రౌన్) రేషియో, ఈ మూడే. టైరు ఒక చుట్టుకు 2 మీటర్లు నడుస్తుందని, రేషియో 4.5 అని అనుకుందాం. 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 667 చుట్లు తిరుగుతుంది, షాఫ్ట్ 3,000. 100లో షాఫ్ట్ 3,750. 110లో 4,100 దాటుతుంది.

పాత 4 గేర్ల బండిలో టాప్ గేర్ అంటే డైరెక్ట్. ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్ట్ అన్నే తిరిగేది. ఆ డీజిల్ ఇంజన్ మోతకు భయపడి 70, 75 దాటించేవాళ్లు తక్కువ. ఇప్పుడు ఐదో గేర్ ఓవర్‌డ్రైవ్. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, షాఫ్ట్ ఇంజన్ కంటే వేగంగా తిరుగుతుంది. లోపల మోత ఉండదు కాబట్టి హైవే మీద తెలియకుండానే 100కి వెళ్లిపోతారు. అంటే ఆ షాఫ్ట్ తన జీవితంలో ఎప్పుడూ చూడని వేగంలో రోజూ తిరగబోతోంది. ఇన్నాళ్లూ బయటపడని చిన్న వంకర, చిన్న బరువు తేడా ఇప్పుడు ఫ్లోర్ అంతా గుయ్‌మనిపిస్తాయి. 'పాత షాఫ్టే కదా, ఇన్నేళ్లు బాగానే తిరిగింది' అన్న మాట ఇక్కడ చెల్లదు. బ్యాలెన్సింగ్ దండగ అన్న మీ మెకానిక్ మాటకు నా జవాబు ఇదే.

మీ బండి రేషియో తెలుసుకోవడం సులువు. సమతలంలో ముందు చక్రాలకు, నేల మీద ఉండే వెనక చక్రానికి అడ్డు రాళ్లు పెట్టి, బాక్స్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, రెండో వెనక చక్రాన్ని జాకీతో లేపి స్టాండ్ మీద ఉంచండి. లేచిన చక్రం మీద, షాఫ్ట్ మీద సుద్దతో గీతలు గీసి, చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. ఒక చక్రం కదలకుండా ఉంటే డిఫరెన్షియల్ వల్ల రెండో చక్రం రెండు చుట్లకు క్రౌన్ ఒక చుట్టే తిరుగుతుంది, అందుకే రెండు.

ఇంకో లెక్క కూడా ఉంది. ప్రతి పైపుకీ ఒక క్రిటికల్ స్పీడ్ ఉంటుంది. దానికి దగ్గరపడితే ఎంత బ్యాలెన్స్ చేసినా పైపు ఊగుతుంది. 50 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న స్టీల్ పైపుకు క్రాస్ నుంచి క్రాస్‌కు 1.4 మీటర్లుంటే ఇది లెక్క ప్రకారం 4,200 ఆర్‌పీఎమ్‌కు కాస్త తక్కువ. 1.3 మీటర్లయితే 4,800 చుట్టూ. 1.2 అయితే 5,600 పైన. పొడవు తగ్గే కొద్దీ వర్గం లెక్కన పెరుగుతుంది. జాయింట్ల లూజు వల్ల అసలు సంఖ్య కాగితం మీది కంటే కిందే ఉంటుంది కాబట్టి దానిలో 70, 75 శాతం వరకే వాడుకోవాలి. ఈ విషయంలో మీకు కలిసొచ్చింది, మీ షాఫ్ట్ పొట్టిదవుతోంది. బాక్స్ పొట్టిదై షాఫ్ట్ పొడిగించాల్సిన వాళ్లు మాత్రం పాత పైపుకు ముక్క అతికించకుండా, లావు పైపుతో కొత్త షాఫ్ట్ కట్టించుకోవాలి. అదే 1.3 మీటర్లకు 63 మిల్లీమీటర్ల పైపు వాడితే క్రిటికల్ స్పీడ్ 6,100 దాకా వెళ్తుంది.

అసలు సమస్య కోణాలు

నా దగ్గరికి వైబ్రేషన్ అని వచ్చే స్వాప్ బండ్లలో ఎక్కువ వాటికి షాఫ్ట్ బాగానే ఉంటుంది. బాక్స్ కూర్చున్న తీరే తప్పు. 5 గేర్ల బాక్స్ వెనక భాగం ఫ్లోర్‌కు తగులుతోందని మౌంటింగ్ కింద వాషర్లు తీసేసో, క్రాస్‌మెంబర్ కిందికి దించో బిగిస్తారు. తోక ఒక అంగుళం దిగినా కోణం మారిపోతుంది.

క్రాస్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు ఒక వైపు సమాన వేగంతో తిప్పినా రెండో వైపు సమానంగా తిరగదు. ప్రతి చుట్టులో రెండు సార్లు ముందుకు లాగి రెండు సార్లు వెనకపడుతుంది. 5 డిగ్రీల కోణంలో ఈ తేడా అటూ ఇటూ 0.4 శాతం లోపే. 10 డిగ్రీలకు 1.5 శాతం. అంటే కోణం రెట్టింపైతే తేడా నాలుగింతలు. ముందు జాయింట్ చేసిన ఈ హెచ్చుతగ్గును వెనక జాయింట్ సరిగ్గా అంతే రద్దు చేయాలి. అలా జరగాలంటే రెండు జాయింట్ల కోణాలు సమానంగా ఉండాలి, షాఫ్ట్ రెండు చివర్ల యోక్ చెవులు ఒకే గీతలో ఉండాలి. ఈ రెంటిలో ఏది తప్పినా బ్యాలెన్సింగ్ మెషిన్ మీ బండిని బాగు చేయలేదు.

నేను పాటించే హద్దులు: ఒక్కో జాయింట్ పని చేసే కోణం 1 నుంచి 3 డిగ్రీల మధ్య, రెండు జాయింట్ల మధ్య తేడా 1 డిగ్రీ లోపు. సున్నా కోణం కూడా మంచిది కాదు. కొంచెమైనా వంపు లేకపోతే క్రాస్ కప్పుల్లోని సూది బేరింగులు తిరగక ఒకే చోట నొక్కుకుని గాట్లు పడతాయి.

కొలవడానికి అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ చాలు, ఫోన్‌లో లెవెల్ యాప్ కూడా మొదటి అంచనాకు పనికొస్తుంది. బండి సమతలంలో, చక్రాల మీద బరువుతో ఉండాలి. ర్యాంప్ మీదికి ఎక్కించండి, లేదా గుంట మీద నిలబెట్టండి. ఛాసీ పట్టి లేపే లిఫ్ట్ మీద హౌసింగ్ వేలాడుతుండగా తీసిన కోణమూ, పొడవూ రెండూ తప్పే. మీ నాలుగు అంగుళాలు కూడా అలా తీసిందేమో అన్నదే నా అనుమానం.

మూడు చోట్ల కొలవాలి: గేర్‌బాక్స్ షాఫ్ట్ వాలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పైపు వాలు, పినియన్ వాలు. షాఫ్ట్ ఇంకా లేదు కాబట్టి ముందు జాయింట్ సెంటర్ నుంచి వెనక జాయింట్ సెంటర్ దాకా ఒక వంకర లేని పైపు కట్టి దాని వాలు తీయండి. ఉదాహరణకు బాక్స్ వెనక్కి 5.5 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 4.5, పినియన్ 2 అనుకుందాం. ముందు జాయింట్ కోణం 1, వెనక జాయింట్ 2.5. తేడా 1.5, ఇది ఊపుతుంది. ఇక్కడ హౌసింగ్‌కూ కమాన్ కట్టకూ మధ్య 1.5 డిగ్రీల వాలు ప్లేటు పెట్టి పినియన్ ముక్కు లేపితే పినియన్ 3.5 అవుతుంది, రెండు జాయింట్లూ 1 దగ్గర కలుస్తాయి. ప్లేటు స్టీల్‌ది వాడండి, అల్యూమినియంవి కమాన్ కట్ట బరువుకు నలుగుతాయి. లేదా, బాక్స్ తోక దిగిపోయి ఉంటే దాన్ని లేపి మౌంటింగ్ సరిచేసి, మూడు వాలులూ మళ్లీ కొలవండి. వీలైతే నేను ఇదే ముందు చూస్తాను, ఎందుకంటే సాధారణంగా తప్పు మొదలైంది అక్కడే. ఫ్లోర్ తగులుతుంటే ఫ్లోర్ రేకును పైకి కొట్టి చోటు చేయండి. బాక్స్‌ను కిందికి దించొద్దు.

కమాన్ కట్టల బండిలో ఇంకో సంగతి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే హౌసింగ్ మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అందుకని నిలబడి ఉన్నప్పుడు పినియన్‌ను సమానం కంటే అర డిగ్రీ, ఒక డిగ్రీ తక్కువలో ఉంచడం మంచిది. కమాన్ కట్టలు చచ్చుబడి ఉంటే ముందు అవి సరిచేయించండి. కట్టలు మార్చాక ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే కోణమూ పొడవూ మళ్లీ మొదటికొస్తాయి. పై నుంచి చూసినప్పుడు షాఫ్ట్ పక్కకు వంకరగా పోతోందా అన్నదీ గమనించండి. నిలువు వాలు 2, పక్క వాలు 2 అయితే అసలు కోణం 4 కాదు, 2.8. వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి.

గోదావరి జిల్లాల నుంచి ఒక అంబాసిడర్ వచ్చింది నా దగ్గరికి, మీలాంటి స్వాపే. 60 నుంచి 70 మధ్య సీటు కింద గుడగుడ. పదే పదే బ్యాలెన్స్ చేయించారు, క్రాస్‌లు మార్చారు, చివరికి టైర్లూ మార్చారు. గేజ్ పెడితే ముందు జాయింట్ దాదాపు సున్నా, వెనకది 4 దాటింది. బాక్స్ మౌంటింగ్ రబ్బరు కింద ఉండాల్సిన దిమ్మ ఎవరో తీసేసి నేరుగా బిగించారు. దిమ్మ చేయించి తోక లేపాం, వెనక సన్నటి వాలు ప్లేటు పెట్టాం. షాఫ్ట్‌ను అసలు ముట్టుకోనే లేదు. ఆ గుడగుడ పోయింది.

పొడవు కొలిచే పద్ధతి

ముందు మీ బాక్స్ తోక ఏ రకమో చూడండి. యోక్ స్లీవ్ బాక్స్ లోపలికి దూరి ముందుకూ వెనక్కూ జారే రకమా, లేక బాక్స్‌కు ఫ్లాంజ్ ఉండి జారే స్ప్లైన్ (పొడవాటి పళ్ల గాడుల అమరిక) షాఫ్ట్ మీదే ఉందా? మొదటి రకమైతే ఆ స్లీవ్ బయటి నునుపు మీదే ఆయిల్ సీల్ కూర్చుంటుంది. దాని మీద గీతలు, తుప్పు ఉంటే మార్చండి, లేకపోతే బాక్స్ ఆయిల్ కారుతూనే ఉంటుంది.

యోక్‌ను లోపలికి పూర్తిగా నెట్టండి, అది ఆగిన చోట స్లీవ్ చుట్టూ టేపు అంటించండి. అక్కడి నుంచి 20, 25 మిల్లీమీటర్లు బయటికి లాగి ఆపండి. ఇప్పుడు ముందు క్రాస్ సెంటర్ నుంచి వెనక క్రాస్ సెంటర్ దాకా కొలవండి. ఇదే మీ షాఫ్ట్ పొడవు. అంగుళాల్లో కాదు, మిల్లీమీటర్లలో రాయండి. టేపు కొస మీద నమ్మకం లేకపోతే 100 గీత దగ్గర పెట్టి కొలిచి 100 తీసేయండి. ఇంకొకరి చేత కూడా కొలిపించండి.

ఆ 25 మిల్లీమీటర్ల ఖాళీ ఎందుకంటే, గుంతలో పడ్డప్పుడు హౌసింగ్ కదిలి షాఫ్ట్ ముందుకు తోసుకొస్తుంది. ఖాళీ లేకపోతే యోక్ వెళ్లి బాక్స్ లోపల గుద్దుతుంది. ఆ దెబ్బ మెయిన్ షాఫ్ట్ బేరింగుకు తగులుతుంది. మరీ ఎక్కువ బయటికి ఉంచితే స్ప్లైన్ పట్టు తగ్గి యోక్ ఊగుతుంది. కొలిచాక ఒకసారి వెనక భాగం లేపి హౌసింగ్ పూర్తిగా వేలాడదీయండి, యోక్ ఎంత బయటికొస్తుందో చూడండి. తర్వాత డిక్కీలో బరువు వేసి ఎంత లోపలికి పోతుందో చూడండి. రెండు చివర్లలోనూ నిశ్చింతగా ఉంటే కొలత ఖాయం.

లేత్ షాపులో ఏం చెప్పాలి

కాగితం మీద రాసివ్వండి, నోటి మాట మీద వదలొద్దు. దగ్గరుండి చేయించుకోగలిగితే ఇంకా మంచిది.

కోయక ముందే షాఫ్ట్ మీద ఒక ఎల్ యాంగిల్ ముక్క ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా గాటు గీత గీయించండి. యోక్ చెవులు తిరిగి అదే గీతలో కూర్చోవడానికి ఇదొక్కటే ఆధారం. క్రాస్‌లు ఊడదీయండి. వెల్డింగ్ వేడికి గ్రీజు, సీళ్లు కాలిపోతాయి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు పైపుకే తగిలించాలి. క్రాస్ ఉండగా అవతలి ఫ్లాంజ్‌కు తగిలిస్తే కరెంటు సూది బేరింగుల గుండా పారి వాటిని పాడు చేస్తుంది.

లేత్ మీద పాత వెల్డ్ అతుకును తోలు తీసినట్టు తీసేసి యోక్ ఊడగొట్టాలి. పైపు కొలతకు కోసి, అంచు నిలువుగా ఫేసింగ్ చేసి, యోక్ భుజం బిగుతుగా దూరేలా చూసి కొట్టాలి. వదులుగా ఉంటే ఒప్పుకోవద్దు. నాలుగు చోట్ల ట్యాక్ (చిన్న తాత్కాలిక వెల్డ్) వేసి, లేత్ మీద తిప్పుతూ డయల్ గేజ్ (వంకరను ముల్లుతో చూపే పరికరం) పెట్టాలి. పైపు పొడవునా వంకర 0.25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే ట్యాక్ దశలోనే తట్టి సరిచేయొచ్చు. ఆ తర్వాతే చుట్టూ పూర్తి వెల్డ్. తనంతట చల్లారాలి, నీళ్లు పోయకూడదు. చల్లారాక మళ్లీ డయల్ గేజ్. ఈ రెండో పరీక్షను చాలా చోట్ల ఎగ్గొడతారు, కానీ వంకర వచ్చేది వెల్డ్ చల్లారేటప్పుడే.

కొత్త బాక్స్ యోక్‌లో క్రాస్ సైజు, మీ పాత షాఫ్ట్ క్రాస్ సైజు ఒకటేనా అన్నది ముందే చూడాలి. కప్పు వ్యాసం, కప్పు అంచు నుంచి ఎదుటి కప్పు అంచు వరకు, రెండూ వెర్నియర్‌తో కొలవండి. కలవకపోతే రెండు సైజుల కప్పులున్న క్రాస్ కొన్ని చోట్ల దొరుకుతుంది. ఎలాగూ పైపు కోస్తున్నాం కాబట్టి, సరైన సైజు వెల్డ్ యోక్ తెచ్చి వేయించడమే నాకిష్టం. రేపు ఊరి మధ్యలో క్రాస్ పోతే మామూలు దుకాణంలో దొరికేది కావాలి కదా.

బ్యాలెన్సింగ్‌కు విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి వెళ్లండి. లారీ షాఫ్ట్‌ల పని చేసేవాళ్లు ఇలాంటి చోట్లే ఉంటారు. ఒక్కటి అడగండి: మీ మెషిన్ ఎన్ని ఆర్‌పీఎమ్‌లో తిప్పుతుంది? లారీ షాఫ్ట్‌కు సరిపోయిన తక్కువ వేగం కారుకు చాలకపోవచ్చు. కనీసం 3,000 దాకా తిప్పగలిగే చోటు వెతకండి. క్రాస్‌లు కొత్తవి వేసి, యోక్‌తో సహా మొత్తం అసెంబ్లీగా ఇవ్వాలి. పాత బరువు ముక్కలు తీసేయమనండి, అవి పాత పొడవుకు పెట్టినవి. తర్వాత యోక్‌కూ పైపుకూ పెయింటుతో గుర్తు పెట్టించుకోండి.

ఈ గుర్తు విలువ తెలియాలంటే ఒక పాత జీపు సంగతి చెప్పాలి. దాని షాఫ్ట్ మధ్యలో జారే స్ప్లైన్ ఉంటుంది. గ్రీజు పెట్టడానికి ఊడదీసినవాళ్లు ఒక పన్ను పక్కకు బిగించారు. చెవుల గీత తప్పింది. ఓనరు హౌసింగ్ మోత అనుకుని క్రౌన్-పినియన్ మార్పించే దాకా వెళ్లాడు. ఊడదీసి, చెవులు ఒకే గీతలోకి తెచ్చి, అదే షాఫ్ట్ మళ్లీ బిగించాం, అంతే.

బిగించేటప్పుడు

ఫ్లాంజ్ బోల్టులు 8.8 గ్రేడ్‌కు తక్కువ కాకుండా, లాక్ నట్లతో వేయండి. మామూలు హార్డ్‌వేర్ షాపు బోల్టులు ఇక్కడ పనికిరావు. క్రాస్ కప్పుల సర్‌క్లిప్పులు గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడండి. సైలెన్సర్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, బ్రేక్ పైపు షాఫ్ట్‌కు దూరంగా ఉన్నాయా అన్నది డిక్కీలో బరువు వేసి చూడాలి, ఖాళీ బండిలో కాదు. ముందు జాయింట్ వెనకగా షాఫ్ట్ చుట్టూ ఒక ఇనుప కడియం ఛాసీకి కట్టించండి. ముందు క్రాస్ విరిగితే షాఫ్ట్ కొస రోడ్డుకు గుచ్చుకుని బండిని ఎత్తేసే ప్రమాదం ఉంది, ఆ కడియం దాన్ని పైనే పట్టి ఉంచుతుంది. స్వాప్ చేసిన ప్రతి బండికీ నేను ఇది వేస్తాను, ఓనరు అడిగినా అడగకపోయినా.

అప్పటికీ వైబ్రేషన్ వస్తే టెన్షన్ పడి అన్నీ మార్చకండి. ఖాళీ రోడ్డు మీద వైబ్రేషన్ వచ్చే వేగంలో న్యూట్రల్ చేయండి, ఇంజన్ ఆపొద్దు. వైబ్రేషన్ అలాగే ఉంటే దోషం బాక్స్ వెనక ఉంది. పోతే ఇంజన్, క్లచ్, మౌంటింగులు చూడండి. కాకపోతే కోణం తప్పు కొన్నిసార్లు లోడ్ మీదే తెలుస్తుంది కాబట్టి, న్యూట్రల్‌లో తగ్గినంత మాత్రాన షాఫ్ట్‌కు క్లీన్ చిట్ ఇవ్వకండి. అదే వేగంలో నాలుగో గేరులో, ఐదో గేరులో నడిపి చూడండి, రెంటిలోనూ ఒకేలా ఉంటే అనుమానం షాఫ్ట్ లేదా చక్రాల మీదికి వెళ్తుంది. వాటిని విడదీయడం తేలికే. పై లెక్కలో 80 దగ్గర చక్రం సెకనుకు 11 సార్లు, షాఫ్ట్ 50 సార్లు తిరుగుతాయి. స్టీరింగ్ ఊగితే చక్రం. ఫ్లోర్, సీటు గుయ్‌మంటే షాఫ్ట్. బండి కదిలేటప్పుడు మాత్రమే ఒక కుదుపు వచ్చి పోతుంటే కోణాలు, కమాన్ కట్టల యు-బోల్టులు చూడండి.

మరో రెండు మాటలు. ఈ సమాధానం వెనక చక్రాలు లాగే బండ్లకే. ముందు చక్రాలు లాగే కార్లలో ఆటోమేటిక్ తీసి మాన్యువల్ వేసేవాళ్లు ఆ పొట్టి యాక్సిల్ షాఫ్ట్‌లను కోసి వెల్డ్ చేయించొద్దు. అవి హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ఉక్కు, వెల్డ్ పక్కన విరుగుతాయి. అదే మోడల్ మాన్యువల్ బండి షాఫ్ట్‌లు తెచ్చుకోవాలి. ఇక మీరు ఇంజన్ కూడా మారుస్తున్నారు, డీజిల్ పోయి పెట్రోల్ వస్తోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా మార్పు చేస్తే ఆర్టీఓ అనుమతి, ఆర్సీలో నమోదు కావాలి. షాఫ్ట్ పని మొదలుపెట్టే ముందే ఆ కాగితాల సంగతి కనుక్కోండి.

బిగించాక మొదటి 500 కిలోమీటర్లు 60, 70 దాటించకుండా నడిపి, ఫ్లాంజ్ బోల్టులు, క్రాస్‌మెంబర్ బోల్టులు, వాలు ప్లేటు వేస్తే యు-బోల్టులు మళ్లీ బిగించండి. ఆ తర్వాత 100 దాకా తీసుకెళ్లి చూడండి. ఈలోగా బండి చక్రాల మీద నిలబెట్టి ఆ మూడు వాలులు, క్రాస్ నుంచి క్రాస్‌కు మిల్లీమీటర్లు, పైపు బయటి వ్యాసం ఇక్కడ రాయండి. కోయక ముందే చూసి చెబుతాను.